మొరాయించే ఇగ్నిషన్ లాక్‌ను బలం పెట్టకుండా బాగుచేసుకోవడం ఎలా

మా నాన్నగారి మారుతి 800 2004 మోడల్. పదిహేనేళ్ళు నిండాక ఒకసారి, మళ్ళీ ఐదేళ్ళకు ఇంకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుని మరీ ఉంచుకున్నాం. ఇంజను ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఇబ్బంది పెట్టింది లాక్. ఒక వేసవి తెల్లవారుజామున అమ్మను విజయవాడ స్టేషన్లో రైలెక్కించాలి. తాళం లోపలికి మామూలుగానే వెళ్ళింది, తిరగలేదు. రైలు టైమైపోతోందన్న కంగారులో కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని తిప్పాను. లాక్ కదల్లేదు, తాళం మెలి తిరిగింది. అమ్మ ఆటోలో వెళ్ళాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం గవర్నర్‌పేటలో ఫుట్‌పాత్ మీద తాళాలు చేసే పెద్దాయన్ని ఇంటికి తీసుకొచ్చాను. ఆయన లాక్ వైపు చూడనే లేదు. ముందు చక్రాల దగ్గర కూర్చున్నాడు. "బాబూ, చక్రం గట్టుకి ఒత్తుకుని ఉంది చూశావా? బరువంతా లాక్ మీదే ఉంది. అలా ఉంటే ఎంత తిప్పినా తిరగదు" అన్నాడు. ఎడమ చేత్తో స్టీరింగ్‌ను కొంచెం పక్కకు లాగి పట్టుకున్నాడు. బీరువాలో వాడకుండా ఉన్న రెండో తాళం కుడి చేత్తో పెట్టి తిప్పాడు. టక్కున తిరిగింది. "బాబాయ్, ఆయిలేమైనా పోయాలా?" అంటే, "అస్సలు పోయకు. ముందు ఎక్కడ పట్టుకుంటుందో తెలుసుకో" అన్నాడు.

అప్పటి నుంచి మా బంధువుల ఓమ్నీకి, బావ పాత స్కూటరుకి, పక్క ఫ్లాటు వాళ్ళ 800కి ఇదే పద్ధతిలో లాకులు బాగుచేశాను. మీ బండి పాతదై, తాళం తిప్పాలంటే రోజూ రెండు నిమిషాలు బతిమాలాల్సి వస్తుంటే, కింద చెప్పినట్టు వరసగా చేసుకు రండి. వరస ముఖ్యం. చాలామంది చివర చేయాల్సిన పని ముందు చేస్తారు, అంటే ఆయిల్ పోస్తారు. దాంతో పదిరోజులు బాగుండి, ఆ తర్వాత మొదటికంటే గట్టిగా పట్టేస్తుంది.

మన వైపు చేతిలో ఉండేదాన్నే తాళం అంటాం కాబట్టి ఇక్కడా అంతే. తాళం అంటే చేతిలోది, లాక్ అంటే బండిలోది.

లోపల ఏముందో ముందు తెలుసుకోండి

తాళం పెట్టే కన్నం ఉన్న గుండ్రటి ముక్కను మెకానిక్కులు బ్యారల్ అంటారు. దానిలో అడ్డంగా సన్నటి ఇత్తడి పలకలు వరసగా ఉంటాయి. ఒక్కో పలకకు మధ్యలో చిన్న కిటికీ, పక్కన వెంట్రుకంత స్ప్రింగు. తాళం లేనప్పుడు స్ప్రింగులు పలకల్ని బయటికి నెడతాయి. వాటి అంచులు బయటి గూడులో ఉన్న గాడిలోకి వెళ్ళి బ్యారల్‌ను తిరగనివ్వవు. సరైన తాళం లోపలికి వెళ్ళగానే దాని మీది గాట్లు ఒక్కో పలకనూ కావలసినంత మేరకే జరుపుతాయి. అన్ని అంచులూ బ్యారల్ ఒంటితో సమానంగా సర్దుకుంటేనే అది తిరుగుతుంది. అన్నిటిలో ఒక్క పలక గోరు మందంలో సగం బయటికి ఉన్నా తిరగదు.

బ్యారల్ వెనక ఇంకో రెండు ఉంటాయి. ఒకటి స్టీరింగ్ లాక్. లావుపాటి ఇనుప కడ్డీ ఒకటి స్టీరింగ్ రాడ్‌కు ఉన్న గాడిలోకి దిగుతుంది. రెండోది కరెంటు స్విచ్. వైర్లన్నీ దానికే వస్తాయి. అంటే తాళం తిరగడం లేదంటే తప్పు నాలుగు చోట్ల ఎక్కడైనా ఉండొచ్చు: తాళం, పలకలు, స్టీరింగ్ కడ్డీ, వెనక స్విచ్. టూవీలర్లోనూ ఇంతే. స్టీరింగ్ కడ్డీ ఉండే చోట హ్యాండిల్ లాక్ ఉంటుందంతే.

1. ఎక్కడ పట్టుకుంటోందో చేతితో వినండి

బండిలో కూర్చుని నెమ్మదిగా తాళం పెట్టండి. తొందరేమీ లేని రోజు, సాయంత్రం పూట చేయండి. తాళం పూర్తిగా లోపలికి వెళ్ళకుండా చివర్లో ఆగితే లోపల మట్టో, విరిగిన ముక్కో ఉన్నట్టు. పూర్తిగా వెళ్ళి, ఇనుప గోడకు గుద్దుకున్నట్టు గట్టిగా, కొంచెం కూడా కదలకుండా ఆగితే అనుమానించాల్సింది స్టీరింగ్ కడ్డీని. కొంచెం కదిలి, మెత్తగా ఆగి, ఒకసారి తిరిగి ఇంకోసారి తిరగకుండా ఉంటే అది పలకలదో తాళానిదో జబ్బు. లాక్ సులువుగా తిరిగి, డ్యాష్‌బోర్డు లైట్లు ఒకసారి వెలిగి ఒకసారి వెలగకపోతే లాక్ నిక్షేపంగా ఉంది, వెనక స్విచ్ పాడైంది.

ఈ తేడా మొదటిసారే తెలియకపోవచ్చు. నాలుగైదు సార్లు తిప్పి చూస్తే వేళ్ళకే అర్థమవుతుంది. తాళాన్ని రెండు వేళ్ళతో మాత్రమే పట్టుకోండి. పిడికిలి బిగించాల్సి వస్తోందంటే ఆగిపోవాలని గుర్తు.

2. స్టీరింగ్ మీది బరువు తీయండి

బండి ఆపేటప్పుడు చక్రాలు వంకరగా ఉండి, ఒక చక్రం గట్టుకో రాయికో ఆనుకుంటే టైరు తిరిగి వెనక్కి తోస్తూ ఉంటుంది. ఆ తోపంతా స్టీరింగ్ లాక్ కడ్డీ మీద పడుతుంది. పాత అపార్టుమెంట్ల సెల్లార్లలో స్తంభాల మధ్య మెలికలు తిప్పి పార్కింగ్ చేసే మనందరికీ ఇది తరచూ ఎదురవుతుంది.

ఎడమ చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఎటు కొంచెం కదులుతోందో చూడండి. ఒక వైపు అస్సలు కదలదు, ఇంకో వైపు అంగుళమో అరంగుళమో కదులుతుంది. కదిలే వైపుకే లాగి పట్టుకుని, అదే సమయంలో తాళాన్ని రెండు వేళ్ళతో తిప్పండి. స్టీరింగ్‌కు బలం పెట్టినా ఫరవాలేదు, తాళానికి మాత్రం వద్దు. టూవీలర్ అయితే హ్యాండిల్‌ను లాక్ పడిన వైపుకే ఇంకొంచెం నొక్కి పట్టుకుని తిప్పండి.

దీనితోనే తిరిగిపోతే, మీ లాక్‌కు జబ్బేమీ లేకపోవచ్చు. వారం రోజులపాటు చక్రాలు తిన్నగా పెట్టి బండి ఆపండి. మళ్ళీ పట్టకపోతే స్ప్రే డబ్బా కొనే పనే లేదు.

3. తాళాన్ని వెలుగులో పెట్టి చూడండి

పాత బండ్లకు సంబంధించి నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఇదే. సగం లాకులు పాడైనవి కావు, తాళం అరిగిపోయి ఉంటుంది. ఇరవై ఏళ్ళపాటు రోజుకు నాలుగుసార్లు పెట్టి తీస్తే ఎంత గట్టి తాళమైనా అరుగుతుంది. గాట్ల మధ్య ఉండే శిఖరాలు గుండ్రబడిపోతాయి. అప్పుడు పలకలు కావలసినంత జరగవు.

బండి కొన్నప్పుడు రెండు తాళాలు ఇస్తారు. ఒకటి రోజూ వాడతాం, రెండోది బీరువా లాకర్లోకి వెళ్ళిపోతుంది. దాన్ని బయటికి తీయండి. రెండిటినీ వీపుకు వీపు ఆనించి, మొదలు సమానంగా పెట్టి, కిటికీ వైపు ఎత్తి పట్టుకోండి. మా బండివి అలా పెట్టి చూస్తే, వాడిన తాళం మూడో గాటు దగ్గర చీమ దూరేంత సందులోంచి వెలుగు కనబడింది. చేత్తో తడిమితే తెలియని తేడా వెలుగులో స్పష్టంగా తెలిసింది.

తర్వాత తాళాన్ని గాజు పలక మీద కానీ, పాలరాయి గట్టు మీద కానీ బల్లపరుపుగా పెట్టండి. ఒక కొన లేచి ఆడితే వంగిందన్నమాట. దాన్ని సుత్తితో కొట్టి తిన్నగా చేయొద్దు. వంగి మళ్ళీ తిన్నబడిన లోహం అక్కడే పగులుతుంది, ఏదో ఒక రోజు లాక్‌లో విరుగుతుంది.

రెండో తాళంతో లాక్ హాయిగా తిరిగితే పని దాదాపు అయిపోయినట్టే. ఇక దాన్నే నమూనాగా ఇచ్చి కొత్తది కోయించుకోండి. అరిగిన తాళాన్ని నమూనాగా ఇవ్వొద్దు. మిషను దేన్ని చూపిస్తే దాన్నే కోస్తుంది కాబట్టి ఆ అరుగుదలంతా కొత్త తాళానికి వస్తుంది. డూప్లికేట్‌కు డూప్లికేట్, దానికి ఇంకో డూప్లికేట్ చేయించుకున్న ఇళ్ళల్లోనే ఈ సమస్య ఎక్కువ చూశాను.

రెండో తాళం పోయిందా? చాలా బండ్లకు కొన్నప్పుడు తాళాల గుత్తికి చిన్న రేకు బిళ్ళ కట్టి ఉంటుంది, దాని మీద నంబరు ఉంటుంది. కొన్నిటికి తాళం మీదే నంబరు కొట్టి ఉంటుంది. ఆ నంబరు ఉంటే కంపెనీ కొలతల ప్రకారం కొత్త తాళం చేయించుకునే వీలుంటుంది. ఇంట్లో పాత ఇన్సూరెన్సు కాగితాలు, కొన్నప్పటి బిల్లు ఉన్న కవరు ఒకసారి వెతకండి. మా బిళ్ళ నాన్నగారి డైరీ అట్టలో దొరికింది.

4. లాక్ శుభ్రం చేయడం

తాళం బాగానే ఉండి, స్టీరింగ్ కూడా కారణం కాకపోతే అప్పుడు లాక్ కడగాలి. కావలసినవి: ఎలక్ట్రానిక్ సామాన్ల షాపుల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, నూలు పీలికలు ఊడని పాత పంచె ముక్క, వాడేసిన టూత్‌బ్రష్, బ్యాటరీ టెర్మినల్ విప్పడానికి 10 నంబరు స్పానరు.

మొదట బండి గేర్లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగండి. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. ముందు నెగటివే విప్పాలి. పాజిటివ్ విప్పేటప్పుడు స్పానరు బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వ వస్తుంది. ఈ స్ప్రేలు అంటుకునే రకం కాబట్టి బండి తలుపులన్నీ తీసి, దగ్గర్లో అగరుబత్తి కూడా లేకుండా చూసుకోండి. పెట్రోలుతో కడిగేవాళ్ళను చూశాను, దయచేసి ఆ పని చేయొద్దు. డ్యాష్‌బోర్డు కింద పెట్రోలు ఆవిరి, వెనకే కరెంటు స్విచ్, ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

తాళాన్ని సబ్బునీళ్ళలో టూత్‌బ్రష్‌తో తోమి, ఆరబెట్టండి. స్ప్రేకు వచ్చే సన్నటి గొట్టం లాక్ కన్నంలో పెట్టండి. కన్నానికి మూత రేకు ఉంటే గొట్టంతోనే మెల్లగా లోపలికి తోయండి. రెండు సెకన్లు కొట్టండి. కింద గుడ్డ పట్టుకోండి. వెంటనే తాళం పెట్టి తీయండి, గుడ్డకు తుడవండి. మళ్ళీ పెట్టి తీయండి, మళ్ళీ తుడవండి. ఇలా పదిహేను ఇరవై సార్లు. గుడ్డ మీద మొదట నల్లగా జిడ్డు వస్తుంది, తర్వాత బూడిద రంగు, చివరికి ఏమీ రాదు. ఏమీ రాని దాకా చేయండి.

మా లాక్‌లోంచి మొదట వచ్చింది నల్లటిది కాదు. కావిరంగు ముద్ద. గుడ్డ మీద వేలితో రుద్దితే కుంకుమ వాసన వేసింది. ఇరవై దసరాలు! ఆయుధ పూజ నాడు, కొత్తలో కనకదుర్గమ్మ గుడి దగ్గర పూజ చేయించినప్పుడు, ప్రతిసారీ స్టీరింగ్‌కూ లాక్‌కూ పసుపు రాసి బొట్టు పెట్టాం. ఆ పొడి లోపలికి రాలి, ఎప్పుడో ఎవరో పోసిన ఆయిల్‌తో కలిసి, ఇత్తడి పలకల మధ్య మైనంలా పేరుకుపోయింది. అమ్మ చూసి చాలా బాధపడింది. ఇప్పుడు మా ఇంట్లో బొట్టు బానెట్ మీద, స్టీరింగ్ మధ్యలో పెడతాం. తాళాన్ని దేవుడి ముందు పళ్ళెంలో పెట్టి అక్షింతలు వేస్తాం. లాక్ కన్నం దగ్గరికి మాత్రం ఏ పొడీ వెళ్ళనివ్వం. మీ బండి లాక్ అంచున ఎర్రటి మరక ఉంటే, లోపల కూడా ఉందనే అనుకోండి.

గుడ్డ మీద పచ్చటి పొడి వస్తే అది చిలుము. ఇత్తడికి చెమ్మ తగిలితే పడుతుంది. చిలుము ఉన్న లాక్‌కు ఒక పూట చాలదు. స్ప్రే కొట్టి గంటసేపు వదిలి, మళ్ళీ చేయండి. లోపలికి సూదులు, హెయిర్‌పిన్నులు పెట్టి గోకొద్దు. వెంట్రుకంత స్ప్రింగులని చెప్పాను కదా, ఒకటి ఊడితే పలక ఊగులాడుతుంది, ఇక మళ్ళీ బ్యారల్ విప్పాల్సిందే.

చివరగా గాలి కొట్టండి. దగ్గర్లో పంక్చర్ షాపు ఉండి బండి అక్కడిదాకా వెళ్తే కంప్రెసర్ గాలి మంచిది. లేదంటే సైకిల్ పంపు చాలు. గాలి కొట్టేటప్పుడు కళ్ళు పక్కకు పెట్టుకోండి, లోపలి మురికి ఎదురొస్తుంది. అరగంట నుంచి గంట ఆరనివ్వండి.

5. నూనె వద్దు, గ్రాఫైట్ వేయండి

కడిగిన లాక్ ఎండిపోయి ఉంటుంది. ఇప్పుడు నున్నగా జరగడానికి ఏదో ఒకటి కావాలి. కొబ్బరినూనె, మిషన్ ఆయిల్, ఇంజన్ ఆయిల్, గ్రీజు, ఏదీ వద్దు. వేసిన రోజు తాళం వెన్నలా తిరుగుతుంది. రోడ్డు దుమ్మంతా ఆ తడికి అంటుకుంటుంది. మన ఎండల్లో, రోహిణి కార్తెలో మూసిన కారు లోపల వేడికి నూనె జారి వెనక స్విచ్ దాకా వెళ్తుంది. మిగిలింది జిగురుగా మారుతుంది. కొబ్బరినూనె అయితే చలికాలం పొద్దున గడ్డకడుతుంది కూడా.

వేయాల్సింది గ్రాఫైట్ పొడి. హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి. పొడి ఉన్న గొట్టం మూతి లాక్ కన్నం దగ్గర పెట్టి ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు నొక్కండి. తాళం పెట్టి తీసి, ఎడంవైపు కుడివైపు తిప్పి, అన్ని పలకలకూ అంటేలా చేయండి. ఎక్కువ వేయొద్దు. గ్రాఫైట్‌లోంచి కరెంటు పారుతుంది. లాక్ వెనకే స్విచ్ ఉంది కాబట్టి చిటికెడు చాలు.

పొడి దొరకకపోతే పిల్లల డ్రాయింగ్ పెన్సిల్ తీసుకోండి. 6బీ లాంటి మెత్తటిది. తాళం రెండు వైపులా, గాట్ల మీదా నల్లగా మెరిసేదాకా రుద్ది, లాక్‌లో పెట్టి తీయండి. ఐదారుసార్లు అలా చేయండి. మామూలు హెచ్‌బీ పెన్సిల్‌లో బంకమట్టి పాలు ఎక్కువ కాబట్టి అది అంత మంచిది కాదు.

డబ్ల్యూడీ-40 గురించి చాలామంది అడుగుతారు. అది 1953లో నీటిని తోసేయడానికి చేసిన మందు. తడిసిన లాక్‌ను, తుప్పు పట్టిన లాక్‌ను కదిలించడానికి బాగా పనికొస్తుంది. ఎప్పటికీ నున్నగా ఉంచడానికి కాదు. అది వాడితే పూర్తిగా ఆరాక, కాంటాక్ట్ క్లీనర్‌తో ఒకసారి కడిగాకే గ్రాఫైట్ వేయండి. రెండూ కలిస్తే మళ్ళీ నల్లటి ముద్దే తయారవుతుంది.

6. బ్యాటరీ తగిలించక ముందే ఒక పరీక్ష

ఇది మానొద్దు. బ్యాటరీ వైరు ఇంకా విప్పే ఉండగా తాళాన్ని స్టార్ట్ దాకా తిప్పి వదిలేయండి. దానంతట అదే ఆన్ స్థానానికి టక్కున వెనక్కి రావాలి. నీరసంగా వస్తే, మధ్యలో ఆగితే, ఇంకా పని మిగిలి ఉంది. బ్యాటరీ తగిలించి బండి తీయొద్దు.

ఎందుకంటే ఇంజను అందుకున్నాక కూడా తాళం స్టార్ట్‌లోనే ఉండిపోతే సెల్ఫ్ మోటారు తిరుగుతూనే ఉంటుంది. కొన్ని సెకన్ల పనికోసం చేసిన మోటారు అది. అలా తిరిగితే వేడెక్కి కాలిపోతుంది, వైర్లు కూడా కాలొచ్చు. ఎప్పుడైనా దారిలో, ఇంజను నడుస్తుండగా కీచుమని రాపిడి శబ్దం ఆగకుండా వస్తే వెంటనే తాళాన్ని చేత్తో వెనక్కి తిప్పండి. రాకపోతే బండి పక్కకు ఆపి పూర్తిగా ఆఫ్ చేయండి. అయినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటే బ్యాటరీ నెగటివ్ వైరు పీకేయండి. మీ లాక్ ఇలా చేస్తుందని తెలిస్తే డిక్కీలో 10 నంబరు స్పానరు వదలకుండా పెట్టుకోండి.

ఇంకో పరీక్ష. తాళం ఆన్‌లో పెట్టి స్టీరింగ్‌ను ఆ కొస నుంచి ఈ కొస దాకా రెండుసార్లు తిప్పండి. ఎక్కడా పట్టకూడదు. పట్టిందంటే లాక్ కడ్డీ పూర్తిగా వెనక్కి రావడం లేదు. ఆ బండిని అడుగు కూడా కదపొద్దు. అలాగే, బండి నడుస్తుండగా తాళం తీయడం, లాక్ వైపు తిప్పడం ఎప్పుడూ చేయొద్దు. కొండ మీది ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపేసేవాళ్ళు ఉన్నారు. పాత లాక్ ఉన్న బండిలో ఆ నాలుగు చుక్కల పెట్రోలు కోసం మలుపులో స్టీరింగ్ బిగిసిపోయే ప్రమాదం తెచ్చుకుంటున్నారు.

తాళం బయటికి రాకపోతే, విరిగితే

తాళం రాకపోతే ముందు పూర్తిగా లాక్ స్థానానికి వచ్చిందో లేదో చూడండి. చాలా పాత కార్లలో తాళాన్ని కొంచెం లోపలికి నొక్కి తిప్పితేనే చివరి స్థానానికి వస్తుంది. కొత్తగా బండి పట్టినవాళ్ళు ఇక్కడే కంగారు పడతారు.

లోపల విరిగితే మిగిలిన ముక్కకు ఫెవిక్విక్ లాంటి గమ్ రాసి అతికించి లాగాలని చూడొద్దు. గమ్ పలకలకు అంటుకుంటే మొత్తం లాక్ మార్చాల్సిందే. ఇంకో తాళంతో తోయడమూ వద్దు. ముక్క బయటికి కొంచెం కనబడుతుంటే కొనదేలిన పట్టకారుతో తిన్నగా లాగండి. కనబడకపోతే సన్నటి రంపం బ్లేడు, పళ్ళు బయటి వైపు చూసేలా గాట్ల పక్కన దూర్చి, కొంచెం మెలిపెట్టి లాగితే ముక్కను పట్టుకుని వస్తుంది. రెండుసార్లు ప్రయత్నించి రాకపోతే తాళాలు చేసేవాళ్ళను పిలవండి. ముక్కను పారేయొద్దు, రెండు ముక్కలూ ఉంటే కొలత తీసుకోవచ్చు.

వరదలో మునిగిన బండి

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు నడుముల్లోతు, అంతకంటే ఎక్కువ నీళ్ళలో ఉన్నప్పుడు ఎన్ని స్కూటర్లు, కార్లు మునిగాయో మనం చూశాం. ఇంజను ఆయిల్ మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు. లాక్‌ను ఎవరూ పట్టించుకోలేదు. బుడమేరు ఒండ్రు మెత్తటిది. తడిగా ఉన్నప్పుడు తాళం తిరిగింది, ఎండాక పలకల మధ్య గోడలా గట్టిపడింది. కొన్ని నెలల తర్వాత బావ స్కూటరుకు జరిగింది ఇదే.

ఇలాంటి బండికి వరస మారుతుంది. బ్యాటరీ విప్పాక, ముందు మంచినీళ్ళు. సూది తీసిన పెద్ద సిరంజీతో లాక్ కన్నంలోకి మంచినీళ్ళు కొడుతూ మట్టి కరిగి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. మట్టి స్ప్రేకు కరగదు, నీళ్ళకే కరుగుతుంది. తర్వాత గాలి కొట్టి, నీటిని తోసే స్ప్రే కొట్టి, ఒక రోజు ఆరబెట్టి, అప్పుడు కాంటాక్ట్ క్లీనర్, చివరికి గ్రాఫైట్. నెల తర్వాత ఇంకోసారి కడగండి. స్కూటర్లకు లాక్ మీద మూసే షట్టర్ ఉంటే దాని సందుల్లోనూ మట్టి ఉంటుంది, అదీ కడగాలి.

ఎప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్ళాలి

కొత్త తాళం కోయించాక, రెండుసార్లు కడిగాక కూడా పట్టేస్తుంటే పలకలే అరిగాయి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కొందరు అడ్డుపడే పలకలను ఆకురాయితో అరగదీసేస్తారు, లేదా రెండు పలకలు తీసేస్తారు. ఐదు నిమిషాల పని, లాక్ పూలు కోసినట్టు తిరుగుతుంది. కానీ ఎన్ని పలకలు తగ్గితే అంత సులువుగా వేరేవాళ్ళ తాళానికి కూడా తిరుగుతుంది. పని మొదలుపెట్టే ముందే "పలకలు తీయొద్దండీ, అరిగినవి ఉంటే మార్చండి, కుదరకపోతే బ్యారల్ మార్చేద్దాం" అని స్పష్టంగా చెప్పండి. మంచి పనివాడు ఈ మాటకు సంతోషిస్తాడు.

లాక్ మొత్తం మార్చాల్సి వస్తే అది ఇంట్లో చేసే పని కాదు. స్టీరింగ్ కాలమ్‌కు దాన్ని పట్టి ఉంచే బోల్టులకు చాలా కార్లలో తల ఉండదు. దొంగ విప్పకుండా, బిగించాక తల తెగిపోయేలా చేస్తారు. వాటిని ఉలితోనో డ్రిల్లుతోనో తీయాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే స్టీరింగ్ దగ్గర స్క్రూ కూడా మీరు ముట్టుకోవద్దు. పాత బండ్ల సామాన్లకు మన విజయవాడలో జవహర్ ఆటోనగర్ ఉండనే ఉంది. లాక్ ఒక్కటే కాకుండా డోర్లు, డిక్కీ కలిపి సెట్టుగా కొంటే ఒకే తాళంతో సరిపోతుంది. లేకపోతే జేబులో రెండు మూడు తాళాలు మోయాలి.

వెనక స్విచ్ పాడైతే సులువు. తాళం ఆన్‌లో ఉండగా కొంచెం కదిపితే లైట్లు పోవడం, డ్యాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ కాలిన వాసన రావడం దాని గుర్తులు. వైర్ల కప్లర్ గోధుమ రంగుకు మారి ఉంటే కప్లర్‌తో సహా మార్పించండి. ఎలక్ట్రీషియన్‌కు చిన్న పని, కానీ వాయిదా వేయకూడనిది.

ఇంతా చేశాక లాక్ మళ్ళీ పాడవకుండా రెండు అలవాట్లు చాలు. మృగశిర కార్తె ముందు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి చిటికెడు గ్రాఫైట్. ఇంకోటి, ఇంటి తాళాలు, బీరువా తాళం, ఆఫీసు తాళం, దేవుడి బిళ్ళ, అన్నీ ఒకే గుత్తికి తగిలించి బండికి వేలాడదీయకపోవడం. గుంతల రోడ్డు మీద ఆ గుత్తి ఊగినప్పుడల్లా లోపల పలకల మీద తాళం రాపిడి పెడుతూనే ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డు లాంటి దుమ్ము చోట్ల రోజంతా బండి నిలబెట్టేవాళ్ళు మూడు నెలలకోసారైనా లాక్ తుడుచుకోవాలి.

అరిగిపోయిన పాత తాళాన్ని మాత్రం పారేయొద్దు, అవసరానికి డోరు తీయడానికి పనికొస్తుంది. దానికి ఎర్ర దారం కట్టి బీరువాలో పెట్టండి. రేపు ఇంట్లో ఎవరైనా డూప్లికేట్ చేయించడానికి వెళ్తే ఎర్ర దారం ఉన్నదాన్ని తీసుకెళ్ళొద్దని అందరికీ చెప్పి ఉంచండి.